దొండకాయ ముక్కలూ, గన్నెయ్య తాత పడవా

పళ్ళెంలో దొండకాయ వేపుడు అలాగే వదిలేసి వచ్చావు కదూ? మీ అమ్మ చక్రాల్లా కోస్తుందిట. నేను నిలువుగా కోశానుట. అందుకని ఇది దొండకాయే కాదుట! ఎంత మాటన్నావే బుడంకాయ్. నలభయ్యేళ్ళ నుంచి దొండకాయలు కోస్తున్న నానమ్మ చెయ్యి ఇది. నాకింత కోపం ఎప్పుడూ రాలేదు.

సర్లే, ఇలా జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. నీకివాళ ఒక కథ చెప్తాను. అందులో కూడా దొండకాయలున్నాయి. మధ్యలో ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందంటే నేనూ ఆగిపోతాను.

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరిదీ పడవలు కట్టే పని. పొద్దున్న లేస్తే టకటకా టకటకా చెక్కల చప్పుడే. ఆ ఊరి కోళ్ళక్కూడా కూయాల్సిన పని లేదు.

ఆ ఊళ్ళో గన్నెయ్య అని ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. ముసలివాడు. ఆయన కాగితం మీద గీత గీసి ఎరగడు. చెక్క ముందు నిలబడి, ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూసి, సుద్దముక్కతో ఒంపు గీసేవాడు. ఆ గీత మీద కోస్తే చాలు, పడవ పడవలా వచ్చేది. అలా ఎనభై రెండు పడవలు కట్టాడు. ఒక్కటీ ఒరగలేదు, ఒక్కటీ మునగలేదు.

అప్పుడు ఏమైందంటే, ఆయన చూపు తగ్గడం మొదలెట్టింది. తగ్గీ తగ్గీ ఒకరోజు మొత్తం పోయింది. డాక్టర్లకి చూపించారు. ఇంక రాదన్నారు. ఏడ్చాడా అంటావా? ఏడవలేదు. కానీ అన్నం తినడం తగ్గించేశాడు. మనసులో బాధ ఉంటే ముందు తిండి దగ్గరే తెలుస్తుంది. నువ్వు తినకపోతే నేను గోల పెట్టేది అందుకే.

చూపు పోయేనాటికి ఆయన చేతిలో ఒక పడవ పని సగంలో ఉంది. ఏటి మధ్యలో ఒక లంక ఉందిలే, అరవై గడపల లంక. ఆ లంకవాళ్ళ రేవు పడవ పాతదై పగిలిపోయింది. బడికెళ్ళే పిల్లలూ, ఒంట్లో బాగోని వాళ్ళూ, కూరగాయల బుట్టలూ అన్నీ దాటాలంటే అదే దిక్కు. కొత్తది కట్టమని గన్నెయ్యకి అప్పజెప్పారు. ఆయన వెన్నుదుంగ వేశాడు. వెన్ను అంటే పడవ అడుగున ముక్కు నించి తోక దాకా ఉండే పొడుగు దుంగ. నీ వీపు మధ్యలో గట్టిగా తగులుతోందే, అలాంటిదన్నమాట.

వెన్ను మీద పక్కటెముకలు పెట్టాలి. ఇదిగో, నీకూ ఉన్నాయి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. నవ్వకు, నిద్ర పోతుంది. ఆ పక్కటెముకల మీద పలకలు బిగిస్తే పడవ పొట్ట తయారవుతుంది. పదిహేను ఎముకలు. ఒక్కోటీ ఒక్కో ఒంపు. మధ్యలోవి వెడల్పు, కొసల్లోవి ఇరుకు. ఆ ఒంపులు గీసేది గన్నెయ్య కన్ను. ఆ కన్నే ఇప్పుడు లేదు.

వేరే మేస్త్రికి ఇవ్వచ్చు కదా అంటావు. ఇవ్వచ్చు. కానీ ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. ఎవరు వెన్ను వేస్తే వాళ్ళే పడవ పూర్తి చెయ్యాలి. ఇంకొకరు చెయ్యి వెయ్యాలంటే ఆ వెన్ను విరిచేసి కొత్తది వెయ్యాలి. గన్నెయ్య వేసిన ఆఖరి వెన్ను అది. దాన్ని విరిచేస్తే ఆ ముసలాయన్ని విరిచినట్టే.

లంక నించి మంగాయమ్మ వచ్చింది. లంకలో పెద్దదిక్కు ఆవిడే. "మేస్త్రిగారూ, ఎర్రనీరు వచ్చేలోపు మాకు పడవ కావాలండి. అప్పటిదాకా ఆగుతాం. ఆ తర్వాత మాత్రం మీరేమీ అనుకోకూడదు" అంది.

ఎర్రనీరు అంటే తెలుసా? పై ఊళ్ళల్లో వానలు పడితే ఏటిలోకి మట్టినీళ్ళు వస్తాయి. ఏరంతా ఎర్రబడి, పోటెత్తి, ఒడ్డు దాకా వచ్చేస్తుంది. ఒడ్డు మీద పూర్తికాని పడవ వెన్నుదుంగ ఉంటే దాన్ని కూడా తోసుకుపోతుంది. దానికి ఇంకా నలభై రోజులుంది.

గన్నెయ్య దగ్గర చిట్టబ్బాయి అని పనివాడు. మీసాలున్న చిట్టబ్బాయి. పాతికేళ్ళ నించి ఆయన దగ్గరే ఉన్నాడు. చెయ్యి మంచిది, కన్ను మాత్రం మేస్త్రి కన్ను కాదు. గన్నెయ్య రెండు చేతులూ చాపి "మధ్యలో పొట్ట ఇంతుండాలిరా, ఇదిగో ఇలా తిరగాలి" అని గాల్లో చూపించేవాడు. చిట్టబ్బాయి తల గోక్కునేవాడు. గాల్లో ఒంపుని చెక్క మీదికి ఎలా దింపుతాడు పాపం? పది రోజులు అలాగే గడిచిపోయాయి.

ఊఁ ఏదీ? ఆఁ, అలా ఉండాలి.

గన్నెయ్యకి ఒక మనవరాలుంది. నూకరత్నం. పదకొండేళ్ళది. వాళ్ళ నాన్న చేపల వేటకని మరపడవ మీద వెళ్తే నెలకోసారి వచ్చేవాడు. వాళ్ళమ్మ తెల్లారగట్లే చేపలు ఎండబెట్టే పనికి పోయేది. అందుకని బడి సెలవుల్లో వంట రత్నానిదే, తాతకి అన్నం పెట్టడం రత్నానిదే.

ఒకరోజు అన్నం కలిపి పెడుతుంటే, తాత చెయ్యి ఊరికే ఉండకుండా ముద్దని అటూ ఇటూ నొక్కుతోంది. రత్నం చూసింది. ముద్దకి ముందో ముక్కు, వెనకో తోక, మధ్యలో పొట్ట. అచ్చం పడవ!

"తాతా, నీ చేతికి పడవ తెలుసు" అంది.

"తెలుసమ్మా, చేతికి తెలిస్తే ఏం లాభం? చిట్టబ్బాయికి తెలియాలి కదా" అన్నాడాయన.

అప్పుడు రత్నం ఏటి ఒడ్డుకి పరిగెత్తి, మెత్తటి ఒండ్రుమట్టి తట్టెడు తెచ్చి, రాళ్ళూ పుల్లలూ ఏరి, పిసికి తాత ముందు పెట్టింది. "మూరెడు పడవ చెయ్యి తాతా. లోపల డొల్ల వద్దు, నిండుగా చెయ్యి" అంది.

గన్నెయ్య తన పీట మీద కూర్చున్నాడు. చిన్న పీట అది, టేకుది. నలభయ్యేళ్ళ నించి ఆయన కూర్చుని పని చేసే పీట. మధ్యలో అరిగి పళ్ళెంలా గుంటపడింది. దానిమీద కూర్చుని మట్టిని తడిమి, నొక్కి, నిమిరి, సాయంత్రానికల్లా మూరెడు పడవ చేశాడు. ఎంత బాగుందో! ఊరందరూ వచ్చి చూశారు. రెండురోజులు నీడలో ఆరబెట్టారు. ఎండలో పెడితే బీటలిస్తుంది కదా.

చిట్టబ్బాయి పడవని నాలుగువైపుల నించీ చూశాడు. మళ్ళీ తల గోక్కున్నాడు. "బొమ్మ బాగుందండి మేస్త్రిగారూ. కానీ నాకు కావాల్సింది బయట తోలు కాదు కదండీ, లోపలి ఎముకలు. ఒంపు ఎక్కడెక్కడ ఎంతుందో బయట నించి ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

అడిగింది న్యాయమే. రత్నం ఆలోచించింది. లోపల ఎలా ఉందో తెలియాలంటే కొయ్యాలి. జామకాయ లోపల ఎరుపో తెలుపో ఎలా తెలుస్తుంది? కోస్తేనే కదా.

ఆ తర్వాత వాళ్ళ నాన్న వలదారం ఒకటి తెచ్చింది. రెండు చేతులతో బిగించి పట్టుకుని, ముక్కు దగ్గర మొదలెట్టి తోక దాకా, నిలువునా మట్టిపడవని కోసేసింది. రెండు సగాలు చెరో పక్కకీ పడ్డాయి. కోసిన ముఖం మీద పొడుగ్గా ఒక బొమ్మ. ముందు ముక్కు లేచి, అడుగున సాగి, వెనక తోక లేచి.

తాత ఆ ముఖాన్ని వేళ్ళతో తడిమాడు. "ఇది వెన్నమ్మా. వెన్ను మనం వేసేశాం కదా. ఇందులో నాకు ఎముక ఒక్కటీ కనిపించట్లేదు" అన్నాడు.

రత్నం ఒప్పుకోలేదు. మొండిపిల్ల, నీలాగే. రెండు సగాలూ మళ్ళీ కలిపి పెట్టి, ఈసారి నేలకి సమానంగా దారం లాగింది. పై ముక్క పళ్ళెంలా ఊడొచ్చింది. కోసిన చోట మామిడాకు లాంటి బొమ్మ పడింది. రెండు కొసలూ కోసుగా, మధ్యలో వెడల్పుగా. అదేంటంటే, పడవ నీళ్ళలో కూర్చున్నప్పుడు నీళ్ళు దాన్ని తాకే గీత. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దాంట్లోనూ ఎముక లేదు.

ఒకే పడవ. ఒకసారి కోస్తే వెన్ను బొమ్మ, ఇంకోసారి కోస్తే ఆకు బొమ్మ. నీ దొండకాయ లాగే చూడు.

చిట్టబ్బాయి నవ్వాడు. "అమ్మడూ, పక్కటెముకలు అడ్డంగా ఉంటాయి. అడ్డంగా కొయ్యాలి" అన్నాడు. రత్నానికి సిగ్గేసింది. కానీ మాట నిజమే. తాత విసుక్కోకుండా మళ్ళీ మట్టి కలిపి రెండో పడవ చేశాడు. అది కూడా మొదటిదానిలాగే వచ్చింది. వేలు పెట్టి కొలిస్తే ఎక్కడా గింజంత తేడా లేదు.

ఈసారి దారం చిట్టబ్బాయి పట్టుకున్నాడు. "నువ్వుండు, పెద్దవాడి పని ఇది" అన్నాడు. ముక్కు దగ్గర నించి మొదలెట్టి, వెన్నుకి అడ్డంగా, వరసగా పదిహేను చోట్ల చకచకా కోసేశాడు. ముక్కలన్నీ వరసగా పేర్చారు. ఒక్కో ముక్క మీదా అడుగున గుండ్రంగా తిరిగిన ఒంపు. చిట్టబ్బాయి మీసం మెలేశాడు.

ఇంక వాటిని పెద్దవి చెయ్యాలి. మట్టిపడవ మూరెడు, అసలు పడవ పదహారు మూరలు. అంటే అన్నీ పదహారు రెట్లు పెరగాలి. రత్నం కొబ్బరి ఈనెలు తెచ్చింది. ముక్క మీద నడిమి నించి అంచుకి ఎంత దూరముందో అంత ఈనె విరిచేది. దాన్ని నేల మీద పదహారుసార్లు వేసి, సుద్దతో చుక్క పెట్టేది. పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి. చుక్కలు కలిపితే పెద్ద ఒంపు వచ్చేది. చిట్టబ్బాయి వంగిన తుమ్మకొమ్మల్ని ఆ గీత మీద పెట్టి బాడిశతో చెక్కేవాడు. ఎముకకి జత కొమ్మలు, కుడికి ఒకటి, ఎడమకి ఒకటి.

అలా వంగిన కొమ్మలు ఎక్కడపడితే అక్కడ దొరకవు. చెట్టు మీదే వంగి పెరిగినవై ఉండాలి. పదిహేను జతలు కావాలి. వాళ్ళ దగ్గర పదిహేడు జతలున్నాయి. ఇంక ఆ చుట్టుపక్కల మరి లేవు.

మూడు ఎముకలు చెక్కి వెన్ను మీద నిలబెట్టారు. గన్నెయ్య కర్ర పక్కన పెట్టి, వచ్చి తడిమాడు. ఒక చెయ్యి కుడి మీద, ఒక చెయ్యి ఎడమ మీద. తడిమినవాడు తడిమినట్టే ఆగిపోయాడు.

"ఒరే చిట్టబ్బాయీ, ఈ పొట్ట నాది కాదురా. ఎక్కువ వెడల్పుంది. పైగా కుడి పక్క ఉబ్బింది, ఎడమ పక్క లోపలికి పోయింది. ఇలాంటి పడవ రేవు దాటకుండానే బోల్తా కొడుతుంది" అన్నాడు.

ఈనెలు మళ్ళీ కొలిచారు. లెక్క సరిపోయింది. చుక్కలు చూశారు. సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడ తప్పో ఎవరికీ తెలియలేదు. మూడు జతల కొమ్మలు దండగ. మిగిలినవి పద్నాలుగు. కావాల్సినవి పదిహేను. లెక్క నువ్వు చెప్పు. ఆఁ, ఒకటి తక్కువ.

ఆ మర్నాడు మంగాయమ్మ వచ్చి చూసింది. వెన్ను మీద నిలబెట్టిన మూడు ఎముకలూ తీసి పక్కన పడేసి ఉన్నాయి. ఆవిడకి గన్నెయ్య అంటే గౌరవమే. అయినా ఇంటి దగ్గర అరవై గడపలు ఎదురుచూస్తున్నాయి కదా.

"పన్నెండు రోజులే ఉందండి మేస్త్రిగారూ. మీ చేతిలో లేనిదానికి మిమ్మల్ని ఎలా అంటాను? కానీ ఆరురోజుల్లో ఎముకలు నిలబడకపోతే అవతలి రేవు మేస్త్రుల్ని పిలుస్తాం. వెన్ను వాళ్ళు తీసేస్తారు" అని చెప్పి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు గన్నెయ్య అసలు అన్నమే తినలేదు. పీట మీద కూర్చుని ఏటివైపు ముఖం పెట్టాడు. రత్నం ఆ అన్నం పళ్ళెం తీసి మూతపెట్టింది. తాత ముందు ఏడవకూడదని వంటింట్లోకి పోయి దొండకాయలు ముందేసుకుని కూర్చుంది.

ఇదిగో, ఇప్పుడు వచ్చాయి దొండకాయలు.

మూకుడు పొయ్యి మీద పెట్టింది. కత్తిపీట ముందు కూర్చుంది. మనసు ఇక్కడ లేదు, పడవ దగ్గరుంది. దొండకాయని తిన్నగా పట్టుకోకుండా ఎలాపడితే అలా పట్టుకుని కోసేస్తోంది. కాసేపటికి ముక్కలకేసి చూసింది. చక్రాల్లా గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్లలా సాగి ఉన్నాయి.

రత్నం ఇంకో దొండకాయ తీసింది. తిన్నగా అడ్డం కోసింది. గుండ్రంగా వచ్చింది, రూపాయి బిళ్ళలా. అదే కాయని కొంచెం వాల్చి కోసింది. కోడిగుడ్డులా వచ్చింది. ఇంకా వాల్చి కోసింది. ఇంకా పొడుగు. బిళ్ళని కోడిగుడ్డు మీద పెట్టి చూసింది. ఇటువైపు రెండూ సమానం. అటువైపు మాత్రం కోడిగుడ్డు పొడుగెక్కువ. కాయ అదే, లావు అదే. కత్తి వాలినకొద్దీ ముక్క సాగింది.

"చిట్టబ్బాయి బాబాయ్!" అని అరుచుకుంటూ పరిగెత్తింది. మూకుడు పొయ్యి మీదే ఉండిపోయింది. ఆ నూనె మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. అది వేరే సంగతి.

రెండో పడవ ముక్కలు పక్కన అలాగే ఉన్నాయి. రత్నం వాటిని మళ్ళీ ఒకదానికొకటి ఆనించి పడవలా పేర్చింది. పైనించి చూస్తే తెలిసిపోయింది. కోతలన్నీ వెన్నుకి అడ్డంగానే ఉన్నాయి, కానీ తిన్నగా లేవు. ఏటవాలుగా ఉన్నాయి. ఎడమ కొస ముక్కువైపు జరిగింది, అందుకని ఎడమ పక్క ఇరుకైంది. కుడి కొస పొట్టవైపు జరిగింది, అందుకని ఉబ్బింది. మొత్తం మీద ముక్క సాగిపోయింది.

చిట్టబ్బాయి ఎందుకలా కోశాడంటావా? చేతగాక కాదు. చేతనై కోశాడు. పడవ పనిలో రెండు పలకలు అతకాలంటే కొసల్ని ఏటవాలుగానే కొయ్యాలి. తిన్నగా కోసి అతికితే నీళ్ళల్లో ఆ అతుకు విడిపోతుంది. పాతికేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు అలా కోసిన చెయ్యి. దారం పట్టుకున్నా అటే వాలింది. అతనికి తెలియనే తెలియదు.

తెలిశాక మీసాల మనిషి చిన్నపిల్లాడిలా కూలబడి ఏడ్చాడు. "మేస్త్రిగారూ, మీ వెన్ను నేను విరగ్గొట్టేశానండి" అన్నాడు.

"లేరా. ఆ చెయ్యి నేను నేర్పిందే. తప్పుంటే ఇద్దరిదీనూ. రత్నం, మట్టి తే" అన్నాడు గన్నెయ్య.

అప్పుడు మూడో పడవ చేశాడు. ఆరడానికి ఎదురుచూస్తూ రెండురోజులు ముగ్గురూ దాన్ని పసిపిల్లని కాసినట్టు కాశారు. కాకి వాలకుండా, కోడి తొక్కకుండా.

మూడో పడవ కోసే రోజు రత్నం దారం పట్టుకుంది. చిట్టబ్బాయి మూలమట్టం తెచ్చాడు. మూలమట్టం అంటే రెండు బద్దలు తలుపూ గడపా కలిసినట్టు సరిగ్గా నిలబడే పనిముట్టు. ఒక బద్ద వెన్నుకి ఆనిస్తే రెండో బద్ద ఎటూ వాలకుండా తిన్నగా అడ్డం నిలబడుతుంది. దారం ఆ బద్ద పక్కనే దిగాలి. ఒక్కో కోతకీ చిట్టబ్బాయి మట్టం పట్టేవాడు, రత్నం ఊపిరి బిగబట్టి దారం దింపేది. పదిహేను కోతలకీ మధ్యాహ్నం దాటింది.

ముక్కలు తీసి చూశారు. కుడీ ఎడమా ఒకలాగే ఉన్నాయి. మడిచిన కాగితం విప్పినట్టు సరిసమానంగా. ముక్కు దగ్గర సన్నగా, ఇరుగ్గా. రానురాను వెడల్పై, మధ్యలో నిండు పొట్ట. మళ్ళీ తగ్గుతూ తగ్గుతూ తోక. తాత ఒక్కో ముక్కా అరచేతిలోకి తీసుకుని తడిమాడు. "ఆఁ... ఆఁ... ఇదీ" అన్నాడు. ఆ రోజు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు అన్నం.

ఆ తర్వాత ఈనెలు, సుద్దచుక్కలు, బాడిశ చప్పుడు. మంగాయమ్మ పెట్టిన గడువుకి పద్నాలుగు ఎముకలు వెన్ను మీద నిలబడ్డాయి. ఆవిడ వచ్చి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని వెన్నుకి దణ్ణం పెట్టింది. మర్నాడు లంక నించి పదిమందిని పలకలు మొయ్యడానికి పంపింది.

కానీ పదిహేనోది లేదు. ముక్కు దగ్గరది, అన్నిటికంటే చిన్నది. దానికి వంగిన కొమ్మ లేకపోయినా, గట్టి చెక్క చిన్నదుంటే సరిపోతుంది. ఊరంతా వెతికారు. ఉన్న చెక్కలు మెత్తవి. ముక్కు కెరటాన్ని కొట్టే చోటు, అక్కడ మెత్తటి చెక్క పెడితే పగిలిపోతుంది.

గన్నెయ్య విన్నాడు. మెల్లగా లేచాడు. కింద చెయ్యి పెట్టి తన పీట తీసి ఇచ్చాడు.

"తాతా, మరి నువ్వు?" అంది రత్నం.

"నేలుంది కదమ్మా" అన్నాడాయన.

పీట కోస్తుంటే చిట్టబ్బాయి రంపం ఒకటికి రెండుసార్లు ఆగింది. రత్నం ముఖం తిప్పుకుంది. తాత మాత్రం ఆ చప్పుడు విని "తిన్నగా కొయ్యరా, వాల్చకు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

పలకలు బిగించి, సందుల్లో దూది కూరి, నల్లగా తారు పూసేసరికి ఏటి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒడ్డు మీద అడుగున్నర మిగిలింది. లంక నించి జనం అరటిబోదెలు తెప్పలా కట్టుకుని తేలుకుంటూ వచ్చారు, తమ పడవ చూసుకోవడానికి.

ఆ ఊళ్ళో ఇంకో పద్ధతుంది. పడవ నీళ్ళలోకి దించేముందు, కట్టిన మేస్త్రి అరచెయ్యి పడవకి ఆనించి చుట్టూ ఒకసారి నడవాలి. నడిచి, "నా పిల్లే" అనాలి. ఆ మాట అననిదే పడవ దిగదు. గన్నెయ్య అప్పటికి ఎనభై రెండుసార్లు అన్నాడు.

ఆయన చెయ్యి ఆనించి నడిచాడు. ముక్కు నించి తోక దాకా, తోక నించి ముక్కు దాకా. ఎర్రనీరు పాదాల మీదికి వచ్చింది. ఆయన నోరు విప్పలేదు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ ఏదైనా తప్పొచ్చిందా అని చిట్టబ్బాయి వంగి పలకల సందులు చూసుకున్నాడు.

"రత్నం, ఇలా రా. ఆ మాట నువ్వనాలి" అన్నాడు తాత.

"నేనా? పడవ నీది కదా తాతా!"

"నేను మూడుసార్లూ బయటి తోలే చేశానమ్మా. లోపల ఎలా ఉందో కోసి చూసింది నువ్వు."

తాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పడవ మీద ఆనించాడు. పలకల కింద ఎముకలు ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో రత్నానికి తెలుసు. ఈ చోట ఇంత వెడల్పు, ఈ చోట ఇంత. చూడకుండానే అన్నీ తెలుస్తున్నాయి. ఇద్దరూ కలిసి చుట్టూ నడిచారు. ముక్కు దగ్గరికి వచ్చాక, పీట ఉన్న చోట ఆగి, ఆ పిల్ల గట్టిగా అంది.

"మా పిల్లే!"

జనం ఒక్క కేక వేసి తోశారు. పడవ జర్రున జారి నీళ్ళలో పడింది. అటు ఒరగలేదు, ఇటు ఒరగలేదు. ఎర్రనీటి మీద సమానంగా కూర్చుంది. మట్టిపడవని నేలకి సమానంగా కోసినప్పుడు పడిందే మామిడాకు బొమ్మ, సరిగ్గా ఆ బొమ్మలాగే దాని చుట్టూ నీటి గీత పడింది. రత్నం అది చూసి తాత చెవిలో చెప్పింది.

మొదటిసారి రేవు దాటడానికి మంగాయమ్మ గన్నెయ్యనే ముందు ఎక్కించింది. "ఎక్కడ కూర్చుంటారండీ?" అని అడిగింది. ఆయన తడుముకుంటూ ముక్కు దగ్గరికి వెళ్ళాడు. కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అరిగిన గుంట ఇంకా చేతికి తగిలింది. దాని మీది పలక మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, "ఆఁ, ఇక్కడే. నా పీట మీదే" అన్నాడు.

అదీ కథ.

ఏంటీ, నిద్ర రాలేదా? ఏం అడుగుతున్నావు? ఆ మాడిన మూకుడు ఏమైందా? తోమారు. మూడురోజులు తోమారు. ఇంకేమైనా ఉందా?

దొండకాయ. సరే. రేపు పొద్దున్న ఒక లేత కాయ నీ ముందు పెడతాను. ఎలా కొయ్యాలో నువ్వు చెప్పు. తిన్నగా అడ్డం కొయ్యమంటే కోస్తాను, వాల్చి కొయ్యమంటే కోస్తాను, నిలువుగా కొయ్యమంటే కోస్తాను. కత్తి పట్టుకునేది మాత్రం నేనే. ఏ ముక్క ఎలా వస్తుందో కొయ్యకముందే నువ్వు చెప్పాలి. సరిగ్గా చెప్పావనుకో, ఆ పూటకి కూర నీ ఇష్టం వచ్చినట్టు కోస్తాను. తప్పు చెప్పావనుకో, నిలువు ముక్కలు మెదలకుండా తినాలి. ఒప్పుకున్నావా?

అయితే కళ్ళు మూసుకుని నాతో పాటు అను.

అడ్డం కోస్తే గుండ్రని బిళ్ళ,
వాల్చి కోస్తే గుడ్డు బిళ్ళ,
నిలువున కోస్తే నిడుపు ముక్క,
కాయ ఒకటే, కోత వేరక్క!
తాత పీట ముక్కు కింద,
లంక పడవ ఏటి మీద,
కథ పడవెక్కి కంచి చేరింది,
బుడంకాయ్ దుప్పట్లో దూరింది.

ఊఁ ఏదీ? ... ఆగిపోయింది. మంచిది.